రెండు లైన్ల ఫోనుకు 24 కిస్తీలా?

ప్రశ్న: ఇంట్లోనే ఒక గదిని ఆఫీసుగా చేసుకుని చిన్న సంస్థలకు లెక్కలు రాసిపెడుతుంటాను. ఫోన్లు నా భార్య చూసుకుంటుంది. ఇంటి నంబరూ ఆఫీసు నంబరూ ఒకే సెట్టులో మోగేలా రెండు లైన్ల కార్డ్‌లెస్ ఫోను పెట్టాలనుకుంటున్నాం. 6 హ్యాండ్‌సెట్లున్నది తీసుకోమంటున్నారు. ఎలాగూ కొంటున్నాం కదా అని బల్ల, కుర్చీలు, ప్రింటరు కూడా కలిపి 24 నెలల వ్యక్తిగత రుణం తీసుకుందామని ఉంది. చేతిలో ఉన్న పొదుపు 5 వారాల ఖర్చుకు వస్తుంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. రాబడి అన్ని నెలలూ ఒకేలా ఉండదు. నాన్నగారు మాతోనే ఉంటారు, ఆయనకు వినికిడి తక్కువ. ఎలాంటి సెట్టు ఎంచుకోవాలి?

జవాబు: పొదుపును కదపడం ఇష్టం లేదన్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు నచ్చిన మాట అదొక్కటే. నచ్చనిది ‘ఎలాగూ కొంటున్నాం కదా’ అన్నది. నా దగ్గరకు వచ్చే అప్పుల కథల్లో చాలావాటికి మొదటి వాక్యం ఇదే. అవసరమైన చిన్న వస్తువు ఒకటి ముందు నడుస్తుంది, దాని వెనకే అవసరం లేనివి నాలుగు అప్పు మీద ఇంట్లోకి వచ్చేస్తాయి. మీరు అడిగింది ఫోను గురించే అయినా, ఈ వరస చాలామంది ఇళ్లలో చూస్తున్నాను కాబట్టే జవాబు రాస్తున్నాను.

ముందు ఫోను సంగతి తేల్చేద్దాం. సామాను తగ్గితే అప్పు మాట దానంతటదే చిన్నదవుతుంది.

పెట్టె మీద రెండు హ్యాండ్‌సెట్ల బొమ్మ ఉన్నంత మాత్రాన అది రెండు లైన్ల ఫోను కాదు. అలాంటివి ఎక్కువగా ఒకే లైనును ఇద్దరు పంచుకునేవి. మీకు కావలసినదానిలో బేసుకే, అంటే లైను తీగ తగిలించే పెట్టెకే, రెండు లైన్లూ కలపాలి. మీ భార్య ఒక హ్యాండ్‌సెట్‌లో ఆఫీసు నంబరు మీద మాట్లాడుతుండగానే, ఇంకొకరు వేరే హ్యాండ్‌సెట్ ఎత్తి ఇంటి నంబరు నుంచి కాల్ చేయగలగాలి. ఈ ఒక్క పరీక్షలో నెగ్గకపోతే మిగతా హంగులు ఎన్ని ఉన్నా దండగే. నెగ్గితే ఆపైన మూడు విషయాలు అడగండి: ఏ లైను మోగుతోందో తెలిసేలా రెండింటికీ వేరువేరు రింగులు పెట్టుకోవచ్చా, రాత్రిపూట ఆఫీసు లైను మోగకుండా ఆపవచ్చా, ఎత్తలేకపోయిన కాల్స్ సందేశాలు ఏ లైనువి ఆ లైనుకు విడిగా దాస్తుందా. మీ లైన్లు ఇంటర్నెట్ రూటరు ద్వారా వస్తుంటే దాని వెనక ఫోను సాకెట్లు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోండి. ఒకటే ఉంటే రెండో లైను కోసం అడాప్టరొకటి కొనాల్సి రావచ్చు. ఆ మాట కొటేషన్‌లో ఉండదు.

ఇక 6 హ్యాండ్‌సెట్లు. మీ ఇంట్లో ఉన్నది ముగ్గురు! బేసు పెట్టినచోట పనికొచ్చేది ఒకటి, ఇంటివైపు ఒకటి, అంతే. ఈ తరహా బేసులు చాలావరకు తర్వాత హ్యాండ్‌సెట్లు చేర్చుకోనిస్తాయి. ఎన్ని చేర్చుకోవచ్చో, విడి హ్యాండ్‌సెట్ దొరుకుతుందో లేదో కనుక్కుని, ఇప్పటికి రెండుతో మొదలుపెట్టండి. మామూలుగా ఒక్కో హ్యాండ్‌సెట్‌లో రెండు రీఛార్జబుల్ బ్యాటరీలుంటాయి, కొన్నేళ్లకు అవి నీరసించి మార్చాల్సి వస్తుంది. 6 హ్యాండ్‌సెట్లంటే 12 బ్యాటరీలు, 6 స్టాండ్లకు 6 ప్లగ్గులు. బ్యాటరీలు బయట మామూలుగా దొరికే ట్రిపుల్ ఏ సైజువైతే మంచిది, ఆ కంపెనీ దగ్గరే కొనాల్సినవైతే వద్దు. డెక్ట్ రకం ఫోన్లకు (ఇప్పటి కార్డ్‌లెస్‌లు ఎక్కువగా వాడే రేడియో పద్ధతి ఇది) బయలులో 300 మీటర్లు, ఇంట్లో 50 మీటర్లు అని రాస్తారు. కాంక్రీటు గోడలు అడ్డొస్తే అంత రాదు, కానీ ఒక ఇంటికి ఆ లెక్క చాలు. వేరే దేశంలో చవగ్గా ఉందని తెప్పించుకోకండి. యూరప్‌లో ఇవి 1880 నుంచి 1900 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేస్తే అమెరికాలో 1920 నుంచి 1930 మధ్య పనిచేస్తాయి. ఒకచోటిది ఇంకొకచోట వాడితే అక్కడి మొబైల్ సిగ్నళ్లకు అడ్డం పడొచ్చు.

నాన్నగారికి మాత్రం కార్డ్‌లెస్ వద్దు. ఆయన గదిలో రిసీవర్ శబ్దం పెంచుకునే వీలున్న, పెద్ద అంకెల మామూలు తీగ ఫోను ఇంటి లైనుకు నేరుగా కలపండి. వినికిడి యంత్రం వాడుతుంటే దానికి సరిపడే ఫోనా అని అడిగి కొనండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. కరెంటు పోతే కార్డ్‌లెస్ బేసు చచ్చిపోతుంది, హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నా కాల్ వెళ్లదు. పాత రాగితీగ లైను మీద ఉన్న మామూలు ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వస్తుంది కాబట్టి అది మాట్లాడుతుంది. లైను ఫైబర్ రూటరు మీదుగా వస్తుంటే ఆ రూటరుకు చిన్న బ్యాకప్ పెట్టాలి, లేకపోతే ఈ తీగ ఫోనూ మూగదే. ఒకసారి మా ఆఫీసులో, అత్యవసర నిధి ఎందుకుండాలో ఒకాయనకు ఫోనులో గంభీరంగా చెబుతుండగా కరెంటు పోయి లైను తెగింది. తీగ ఫోను పెట్టుకోవాలన్న ఆలోచన అప్పటిదాకా నాకూ రాలేదు. ఆయన ఇప్పటికీ దాన్ని గుర్తుచేసి నవ్వుతుంటారు.

ఇప్పుడు డబ్బు. మీ నెల ఖర్చును 100 అనుకోండి. 5 వారాలకు సరిపడా ఉందంటే చేతిలో ఉన్నది సుమారు 115. రాబడి ఎగుడుదిగుడుగా ఉండేవాళ్లకు అత్యవసర నిధిగా 6 నెలల ఖర్చు, అంటే 600, తక్కువలో తక్కువ. పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు నేను 9 నెలలు అంటాను, కానీ ఇవాళ్టికి 600 దగ్గరే ఆగుదాం. నెలకు 10 మిగులుతోందనుకుంటే 24 నెలల్లో 240 చేరి, నిధి 355 అవుతుంది. మూడున్నర నెలల ధైర్యం అన్నమాట. అదే నెలకు 6 చొప్పున కిస్తీ పెట్టుకున్నారనుకోండి. మిగిలేది 4, 24 నెలల్లో చేరేది 96, నిధి 211 దగ్గరే ఆగుతుంది. ఇంతటితో అయిపోలేదు. కిస్తీ నడిచినన్నాళ్లూ మీ నెల ఖర్చు 106, కాబట్టి 6 నెలల నిధి 600 చాలదు, 636 కావాలి. ఒకే సంతకంతో గమ్యం 36 దూరం జరిగింది, నడక సగానికి పైగా తగ్గింది. అప్పు గురించి ఎవరూ చెప్పని లెక్క ఇది, మీరు లెక్కలు రాసేవారు కాబట్టి మీకు చెబితే అర్థమవుతుందని ఆశ.

బల్లా కుర్చీలూ వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. పని తగ్గిన నెలలో వాటిని అమ్మి చూడండి, ఎంతకు పోతాయో!

పొదుపును కదపకుండా అప్పు చేస్తే పొదుపు భద్రంగా ఉంటుందన్నది మీ లెక్క. మీ రాబడి సగానికి పడిన నెలలో కిస్తీ దేనిలోంచి కడతారు? ఆ 115 లోంచే. అంటే ఇవాళ కదపనన్న డబ్బును, వడ్డీ కలిపి, అక్కరకొచ్చే రోజున కదుపుతారు. అప్పుడు నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే రెండో అప్పు. దానికి క్రెడిట్ కార్డు బయటికొస్తుంది, నెలకు 3 శాతమే కదా అనిపిస్తుంది. కట్టకుండా దొర్లిస్తే అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. కుర్చీ కోసం మొదలైన వ్యవహారం ఇక్కడికొచ్చి ఆగుతుందని నేను భయపెట్టడానికి చెప్పడం లేదు, వరసగా ఇలాగే చూశాను కాబట్టి చెబుతున్నాను.

దుకాణంలో ‘12 నెలలకు 12 శాతమే’ అని వాయిదాలు చూపిస్తే అది ఫ్లాట్ వడ్డీయా అని అడగండి. ఫ్లాట్ అయితే, మీరు అసలును నెలనెలా తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీదే వేస్తారు, నిజమైన రేటు ఏడాదికి 21 శాతం పైమాటే. ‘వడ్డీ లేదు’ అంటే, నగదు ఇచ్చేవాడికి ఎంత తగ్గిస్తారో, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. ఆ రెండూ కలిపితే వడ్డీ ఎక్కడ దాక్కుందో కనబడుతుంది. పన్నులో ఖర్చుగా చూపించుకోవచ్చు అనే మాట కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. చూపించుకోండి, కాని 20 ఆదా కోసం 100 ఖర్చు చేసినవాడి జేబులోంచి 80 పోయినట్టే.

ఫోను ధర ఒక్కసారితో తీరిపోతుంది, రెండో లైను అద్దె మాత్రం మీరు వద్దనేదాకా నెలనెలా వస్తుంది. నెలకు 2 అనుకున్నా 6 నెలల నిధికి 12 పెరిగింది. కాబట్టి ఆఫీసు పని మీద రోజుకు ఎన్ని కాల్స్ వస్తున్నాయో, ఇంటి లైను ఖాళీ లేక ఎన్ని తప్పిపోతున్నాయో మీ భార్యను నెలపాటు ఒక పుస్తకంలో రాయమనండి. పని పోగొట్టుకునేంత ఉంటేనే రెండో లైను. అప్పటిదాకా రెండు సిమ్‌ల మొబైల్‌తో నడిపించవచ్చు. ఇంటర్నెట్ మీద నడిచే కార్డ్‌లెస్‌లు కూడా ఉన్నాయి, కాల్స్ బాగా పెరిగితే ఆలోచించండి.

రుణం కాగితాలు వెనక్కి పంపేయండి. ప్రింటరు, కుర్చీలు ఈ ఏడాది మాటే వద్దు, బల్ల ఇప్పుడున్నది చాలు. మొదటి నెల మిగులుతో నాన్నగారి గదికి తీగ ఫోను. ఆ తర్వాత మిగులును సగం చేసి, ఒక సగం నిధిలో, ఇంకో సగం విడిగా వేస్తూ పోండి. ఆ రెండో సగం కూడి రెండు హ్యాండ్‌సెట్ల సెట్టు ధరకు చేరిన రోజున నగదుతో కొనండి, మర్నాటి నుంచి పూర్తి మిగులు నిధికే. మీ ముగ్గురికీ ఆరోగ్య బీమా, మీ పేరున టర్మ్ జీవిత బీమా పాలసీ ఉన్నాయో లేదో రాయలేదు, లేకపోతే అవి ఫోనుకంటే ముందు.

సెట్టు బిగించిన రోజే బేసు ప్లగ్గూ రూటరు ప్లగ్గూ గోడ నుంచి లాగేసి, నాన్నగారి గదిలోకి వెళ్లి రిసీవరు ఎత్తండి. డయల్ టోన్ వినబడకపోతే బిల్లు మీద సంతకం చేయకండి.