గెంట్‌లో స్నేహితుల ఇంట్లో పది రోజులు: డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. సోషల్ టీచర్‌గా రిటైరయ్యాను, తెనాలిలో ఉంటున్నాం. కొన్నేళ్ల కిందట రోటరీ ఎక్స్ఛేంజ్‌లో బెల్జియం నుంచి వచ్చిన ఒక అమ్మాయి కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉంది. గెంట్ నగరంలో ఉండే వాళ్ల అమ్మానాన్నలు ఇప్పుడు మా దంపతులను పది రోజులు తమ ఇంటికి రమ్మంటున్నారు. వీసాకు గ్యారంటీ సంతకం కూడా పెడతామన్నారు. నా పెన్షన్ 42,000, ఇంటి ఖర్చు 30,000. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఏడాదిన్నర కిందట 8.2 శాతానికి 15 లక్షలు వేశాను. ఎఫ్‌డీ 4 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉన్నాయి. నెలనెలా మిగిలేదీ, స్కీమ్ వడ్డీ మొన్నటిదాకా ఇంటి రిపేర్లకే పోయాయి, ఆ పని అయిపోయింది. మూడు నెలల్లో వెళ్లాలని ఉంది. బస ఉచితం కాబట్టి రెండు లక్షలు సరిపోతాయా? స్కీమ్ మూసేయనా, ఎఫ్‌డీ తీయనా?

జవాబు: మాస్టారూ, తప్పకుండా వెళ్లి రండి. కానీ ఏడాది ఆగి వెళ్లండి. అప్పుడు స్కీమ్‌నూ ఎఫ్‌డీనీ ముట్టుకోవాల్సిన పని ఉండదు.

రెండు లక్షలు సరిపోవు. హైదరాబాద్ నుంచి బ్రస్సెల్స్‌కు రానుపోను మనిషికి 70,000 వేసుకుంటే ఇద్దరికి 1,40,000. యూరో 105 రూపాయలనుకుందాం. షెంజెన్ వీసా, అంటే బెల్జియంతో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఉమ్మడి వీసా, ఫీజు మనిషికి 90 యూరోలు. సర్వీస్ చార్జీలు, కాగితాల ఖర్చుతో కలిపి ఇద్దరికీ 24,000 పక్కన పెట్టండి. ఇన్సూరెన్స్‌కు 10,000. అక్కడ ట్రామ్, టికెట్లు, బయట తిండికి ఇద్దరికీ కలిపి రోజుకు 60 యూరోల చొప్పున 63,000. ఆతిథ్యం ఇచ్చినవాళ్ల కోసం 23,000. అత్యవసరానికి 40,000. మొత్తం సరిగ్గా 3 లక్షలు. హోటల్ అయితే ఇంకో లక్ష పైనే అయ్యేది, వాళ్లింట్లో ఉండటం వల్ల మీకు మిగిలేది అదే.

ఇక డబ్బు. స్కీమ్ ఖాతాను ఇప్పుడు మూసేస్తే, రెండేళ్లు నిండలేదు కాబట్టి 1.5 శాతం, అంటే 22,500 రూపాయలు కోత. పైగా మూడు నెలలకోసారి వచ్చే 30,750 వడ్డీ ఆగిపోతుంది. ఎఫ్‌డీ మీ ఇద్దరి ఆరోగ్యానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం, దాన్ని టూర్‌కు ఖర్చు చేయమని నేను చెప్పలేను. నెలకు మిగిలే 12,000 ఏడాదికి 1,44,000 అవుతుంది. నాలుగు విడతల వడ్డీ 1,23,000. ఇప్పుడున్న 60,000 కలిపితే 3,27,000. వచ్చే ఏడాది ఈపాటికి అసలు కదలకుండానే డబ్బు చేతిలో ఉంటుంది. వడ్డీ ఏడాదికి లక్ష దాటుతోంది కాబట్టి, పన్ను పడని ఆదాయమైతే టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోయకుండా డిక్లరేషన్ ఇచ్చారో లేదో చూసుకోండి.

గ్యారంటీ సంతకం గురించి మాత్రం గట్టిగా చెబుతాను. అది వాళ్లు మాట సాయంగా ఇచ్చే ఉత్తరం కాదు. బెల్జియంలో దాన్ని 3బిస్ ఫారం అంటారు. మున్సిపాలిటీలో సంతకం చేసి, జీతం లెక్కలు చూపించాలి. మీ బస, వైద్యం, తిరుగు ప్రయాణ ఖర్చులకు రెండేళ్ల పాటు చట్టపరంగా వాళ్లే పూచీ. అక్కడ ఆసుపత్రి బిల్లు ఎలా ఉంటుందో తెలిసి కూడా ఆ భారం స్నేహితుల నెత్తిన పెట్టడం నాకు ఇష్టం లేదు, మీకూ ఉండదు. సొంత డబ్బు చూపిస్తే ఆ ఫారం అక్కర్లేదు. హోటల్లో ఉండేవారు రోజుకు 95 యూరోలు చూపించాలి. ఎవరింట్లోనైనా ఉండేవారికి 45 చాలు. మీ ఇద్దరికీ పది రోజులకు 900 యూరోలు, అంటే 94,500. మీ సేవింగ్స్ ఖాతా అప్పటికి దానికి మూడింతలుంటుంది. వాళ్ల దగ్గర నుంచి ఆహ్వాన పత్రం, చిరునామా రుజువు తీసుకుంటే చాలు. దరఖాస్తుకు ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఒక్కసారిగా లక్షలు జమ చేయకండి, స్టేట్‌మెంట్‌లో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వీసా రాకపోయినా ఫీజు వెనక్కి రాదు కాబట్టి, రద్దు చేసుకునే వీలున్న టికెట్టే కొనండి.

మీరు దిగేది వాళ్లింట్లో కాబట్టి, వెళ్లిన మూడు పనిదినాల్లోగా అక్కడి మున్సిపాలిటీకి మీ రాకను తెలియజేయాలి. హోటల్ అయితే ఈ పని ఉండదు. వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి.

ఆతిథ్యం కోసం పెట్టిన 23,000లో ఒక పూట భోజనానికి వాళ్లను బయటికి తీసుకెళ్లండి. పట్టుచీరలూ వెండి సామాన్లూ వద్దు, అవతలివాళ్లు ఇబ్బంది పడతారు. ఒకటి రెండుసార్లు సరుకులు మీరు కొని మేడమ్ చేత మన వంట చేయించండి, వాళ్ల అమ్మాయి తెనాలిలో తిన్న రుచులు ఇంకా మరిచిపోయి ఉండదు. మేడమ్ శాకాహారులైనా టెన్షన్ పడక్కర్లేదు. 2009 నుంచి గురువారాన్ని శాకాహార దినంగా జరుపుకుంటున్న ఊరది.

మీరు సోషల్ మాస్టారు కాబట్టి వాన్ ఐక్ సోదరులు 1432లో పూర్తి చేసిన బలిపీఠ చిత్రాన్ని వదలరని తెలుసు. సెయింట్ బావో కెథడ్రల్‌లోకి ప్రవేశం ఉచితం, ఆ చిత్రానికి మాత్రం టికెట్ ఉంది. దాన్నీ, 1180 నాటి గ్రావెన్‌స్టేన్ కోటనూ, బెల్‌ఫ్రీ గడియార స్తంభాన్నీ, మ్యూజియాలనూ వరుసగా మూడు రోజుల్లో పెట్టుకుంటే 72 గంటల సిటీ కార్డు గిట్టుబాటవుతుంది. ట్రామూ బస్సూ అందులోనే. మిగతా రోజులు కాలువల పక్కన నడవడానికి ఖర్చే లేదు. జులైలో పది రోజుల గెంట్ ఉత్సవాలప్పుడు ఊరు కిక్కిరిసి ఉంటుంది, నా ఓటు సెప్టెంబర్‌కే.

డబ్బు యూరోల ఫారెక్స్ కార్డులో, అంటే ముందే యూరోలు నింపుకునే కార్డులో, తీసుకెళ్లండి. ఏడాదికి 10 లక్షల లోపు కాబట్టి టీసీఎస్ (విదేశీ ఖర్చుపై ముందే వసూలు చేసే పన్ను) పడదు. అదే ట్రావెల్ ఏజెంట్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే పడుతుంది. షాపులో మిషన్ "రూపాయల్లో కడతారా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే నొక్కండి. ఇన్సూరెన్స్‌లో కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలన్నది వీసా నిబంధన. మీ ఇద్దరిలో ఎవరికి బీపీ, షుగర్ ఉన్నా దరఖాస్తులో దాచకుండా రాయండి. పాత జబ్బు ముదిరి అత్యవసరమైతే కవర్ ఉందో లేదో పాలసీలో చదివాకే ప్రీమియం కట్టండి.