నాన్నకు పిక్ లైన్ పెట్టి ఇంటికి పంపుతామంటున్నారు, ఇంట్లో చూసుకోగలమా?

చెల్లెమ్మా, కడపలో ఉన్న మీ నాన్నగారికి షుగర్ వల్ల పాదం ఎముకకు ఇన్ఫెక్షన్ వచ్చిందని, చేతికి పిక్ లైన్ (చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా పంపే సన్నటి మందు గొట్టం) పెట్టి 6 వారాలు ఇంటి దగ్గరే యాంటీబయాటిక్ ఎక్కించుకోమన్నారని, భయంగా ఉందని రాశారు. చూసుకోగలరు. రెండేళ్ల కింద నాకు వెన్నుపూసలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఏప్రిల్, మే నెలలు ఇదే లైన్‌తో కర్నూలు సి క్యాంపులో మా ఇంట్లోనే గడిపాను.

ముందుగా ఒక సంగతి. లైన్ పెట్టకముందే నాన్నగారి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) ఎంతుందో డాక్టరును అడగండి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు రేపు డయాలసిస్ అవసరమైతే చేతి నరాలే ఆధారం. అందుకే అలాంటివాళ్లకు వీలైనంతవరకు పిక్ లైన్ వద్దని వేరే దారి చూస్తారు. ఏ చెయ్యి అనేది కూడా అప్పుడే మాట్లాడుకోండి. నాకు ఆ ఆలోచన రాక కుడి చేతికి పెట్టించుకున్నాను. జొన్నరొట్టె తట్టడం, బిందె ఎత్తడం అన్నీ ఆ చేత్తోనే కదా, రెండూ మానేయాల్సి వచ్చింది.

పెట్టేటప్పుడు మత్తు సూది నొప్పే, అంతకుమించి లేదు. స్కాన్‌లో చూస్తూ మోచేతి పైన నరంలోకి సన్నటి గొట్టం పంపుతారు. దాని కొన గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్తుంది. సరిగ్గా చేరిందో లేదో చూశాకే మందు మొదలుపెడతారు, నాకు ఎక్స్‌రే తీశారు. లోపల ఎన్ని సెంటీమీటర్లు, బయట ఎన్ని సెంటీమీటర్లు అని ఒక కార్డు మీద రాసిస్తారు. అది పారేయొద్దు. బయట ఉన్న పొడవు పెరిగిందంటే గొట్టం జరిగినట్టే. దాన్ని లోపలికి తోయకుండా, అందులో మందు ఎక్కించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మన ఎండలే పెద్ద శత్రువు. 40 డిగ్రీలు దాటాక చెమటకు, గొట్టం బయటికొచ్చే చోట అంటించే పారదర్శకమైన అతుకు నిలవదు. వారానికి ఒకసారి మార్చాల్సింది, నాకు నాలుగో రోజుకే మూల చుట్టుకుపోయి, అంచు వెంట సన్నగా నల్లటి దుమ్ము గీత పడింది. పైన ప్లాస్టర్ వేసేద్దాం అన్నారు ఇంట్లో. వద్దన్నాను. అతుకు లేచినా, తడిసినా వారం ఆగకుండా అదే రోజు మార్పించాలి. స్నానానికి పాలిథిన్ కవర్ చుట్టి రెండువైపులా టేపు వేసి, ఆ చెయ్యి బయటికి పెట్టుకుని చెంబుతో పోసుకునేదాన్ని. మంత్రాలయం వెళ్లినప్పుడు అత్తమ్మ తుంగభద్రలో మునగమంటే, నీళ్లు తల మీద చల్లుకుని వచ్చేశాను. లైన్ ఉన్నన్నాళ్లూ నదీ స్నానం లేదు. జాకెట్ల కుడి చెయ్యి కుట్టు విప్పించి ప్రెస్ బటన్లు పెట్టించుకున్నాను. నాన్నగారికి పొట్టి చేతుల వదులు చొక్కాలు చాలు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఒక ఆదివారం మాకు అలవాటైన నర్సు రాకపోతే దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్లాను. అక్కడి అబ్బాయి చేతులు కడుక్కోలేదు, లైన్ మూతిని స్పిరిట్‌తో తుడవలేదు, నేరుగా సిరంజి తగిలించాడు. చూస్తూనే ఉన్నాను. మొహమాటంతో నోరు తెరవలేదు. ఆ రాత్రి వణుకుతో జ్వరం. ఆసుపత్రికి పరిగెత్తితే లైన్ నుంచి ఒకసారి, రెండో చేతి నుంచి ఒకసారి రక్తం తీసి, క్రిములు పెరుగుతాయేమో చూడ్డానికి కల్చర్‌కు పంపారు. రెండు రోజులు నిద్ర లేదు. దేవుడి దయవల్ల ఏమీ పెరగలేదు.

ఆ తర్వాత ఎవరొచ్చినా నేనే చెప్పేదాన్ని: “ముందు చేతులు కడుక్కో నాయనా. మూతిని 15 సెకన్లు బాగా రుద్ది, ఆరాకే తగిలించు.” మందుకు ముందూ తర్వాతా సెలైన్ తోయాలి, అది 10 ఎంఎల్ సిరంజితోనే. చిన్న సిరంజికి ఒత్తిడి ఎక్కువ, గొట్టం చిట్లవచ్చు. కొంచెం తోసి, ఆగి, మళ్లీ తోయాలి. అడ్డం పడితే బలవంతం చేయొద్దు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు. ఇవన్నీ ఒక అట్ట మీద రాసి మంచం పక్కన వేలాడదీశాను, మీరూ అలాగే చేయండి.

వణుకుతో జ్వరం వచ్చినా, చెయ్యి గానీ మెడ గానీ వాచినా, గొట్టం దగ్గర ఎర్రబడి చీము కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు. ఆయాసం, ఛాతీ నొప్పి అయితే వెంటనే 108కు ఫోన్ చేయండి. వారం వారం రక్త పరీక్షలూ మానొద్దు, మందు కిడ్నీల మీద, లివర్ మీద ఏం చేస్తోందో వాటిలోనే తెలుస్తుంది.

వంకాయ తింటే చీము పడుతుందని చుట్టాలు చెప్తారు. మా డాక్టరు నాకు ఏ పథ్యమూ పెట్టలేదు, గుడ్లూ పప్పూ బాగా తినమన్నారు. నాన్నగారికి షుగర్ అదుపులో ఉంచడమే అన్నిటికన్నా ముఖ్యమైన పథ్యం, అది లేకపోతే పుండు మానదు.

తీసేటప్పుడు టెన్షన్ పడ్డాను గానీ, పడుకోబెట్టి ఊపిరి బిగపట్టమని మెల్లగా లాగేశారు, నొప్పి తెలియలేదు. దూది పెట్టి అయిదు నిమిషాలు నొక్కారు. గొట్టాన్ని స్కేలు పక్కన పెట్టి కొలిచి, కార్డు మీద ఉన్న లెక్కతో సరిపోయిందని నాకు చూపించారు. మీరు కూడా అది అడిగి చూసుకోండి.