జైల్లో ముఠా నాయకుణ్ని విడి సెల్‌లో పెడితే ముఠా ఆగిపోతుందా?

ఆగదు, నాయకుడి చేతిలో ఉన్న సరఫరా తెగితేనే ముఠా పలచబడుతుంది. కొత్త ఖైదీకి లోపల కావాల్సినవి చిన్నవే: పడుకోవడానికి జాగా, ఇంటికి ఒక ఫోన్, బీడీ కట్ట, ఎవరూ కొట్టకుండా ఓ అండ. అవి జైలు ఇవ్వకపోతే ‘భాయ్’ ఇస్తాడు, అక్కడితో బాకీ మొదలవుతుంది. చంచల్‌గూడకు రిమాండ్‌పై వచ్చిన కుర్రాడినే తీసుకోండి. మొదటి రాత్రే బ్యారక్‌లో చోటు వార్డరే చూపించి, ఇంటి ఫోన్ నంబర్లు వెంటనే నమోదు చేసి, క్యాంటీన్ డబ్బు అతని ఖాతాలోనే ఉంచితే భాయ్‌తో పనిపడదు. చోటు పంచే పని పాత ఖైదీకి వదిలేశారా, అంతా చెడినట్టే. తనిఖీలకు ఫలానా వేళ అంటూ ఉండకూడదు. వార్డర్లను బ్లాకులు మారుస్తుండాలి. అనుచరులను విడదీసి చర్లపల్లికి పంపొచ్చు గానీ, విచారణ ఖైదీ అయితే కోర్టు అనుమతి కావాలి.

చాలామంది పొరబడేది ఒకటుంది: సూపరింటెండెంట్ తలచుకుంటే ఎవరినైనా ఏకాంత ఖైదులో వేయొచ్చని. కాదు, అది కోర్టు మాత్రమే విధించే శిక్ష; 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. కోర్టు విధించినా మొత్తం 3 నెలలు, ఒక్క విడతకు 14 రోజులు దాటకూడదు.