అందరి డ్రాఫ్టులూ చూస్తున్నాను, నా థీసిస్ మాత్రం కదలడం లేదు

ప్రశ్న: నేను ఎమ్మే రెండో ఏడు చదువుతున్నాను. యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌లో వారానికి మూడు రోజులు ట్యూటర్‌గా పనిచేస్తాను. జూనియర్లు తెచ్చే వ్యాసాలు, ప్రాజెక్టు రిపోర్టులు చూసి సలహా చెప్పాలి. మొదట్లో ఇష్టంగా వెళ్లేదాన్ని. ఇప్పుడు ఎవరైనా తలుపు తోస్తే చాలు, గుండె దడ మొదలవుతోంది. కొందరు గంటలో సబ్మిట్ చేయాలంటూ పరుగెత్తుకొస్తారు. ‘మీరే కాస్త సరిచేసి ఇవ్వండక్కా’ అంటారు. ఒకమ్మాయి మార్కులు తగ్గాయని నా ముందే ఏడ్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గదికొచ్చి నా థీసిస్ ముందు కూర్చుంటే రాసింది రాసినట్టే కొట్టేస్తున్నాను. ఇంట్లో చెబితే ‘అంత కష్టమైతే మానెయ్’ అంటున్నారు. చేతకాక మానేసినట్టవుతుందని భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, రాసింది రాసినట్టే కొట్టేస్తున్నానని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోయారు. నాకు మాత్రం అసలు ముడి అక్కడే ఉందనిపిస్తోంది. ఏడ్చిన అమ్మాయి సంగతి, డెడ్‌లైన్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీరు సెంటర్‌లో ఉన్నంతసేపూ ఎదుటివారి రాతలో ఏం లోపించిందో చూస్తుంటారు. ఈ పేరాకి ఆధారం లేదు, ఈ వాదన సగంలో ఆగింది, ముగింపు ఇంకేదో చెబుతోంది. కొన్నాళ్లకి నాలుగు లైన్లు చదవగానే తప్పు కంటపడేంతగా చూపు పదునెక్కుతుంది. ట్యూటర్‌కి ఆ చూపు కావాలి. కొత్తగా రాసేటప్పుడు మాత్రం అదే అడ్డం పడుతుంది. మొదటి డ్రాఫ్ట్ ఎవరిదైనా వంకరటింకరగానే ఉంటుంది. మీ దగ్గరికొచ్చే పిల్లలు అలాంటి డ్రాఫ్ట్ తెస్తే ‘పర్వాలేదు, ఇది మొదలే కదా’ అని ధైర్యం చెబుతారు. ఆ మాట మీకు మీరు ఒక్కసారైనా చెప్పుకున్నారా?

దీనికి తోడు ఇంకొకటి ఉంది. ఒక పనిని సగంలో వదిలి మరో పనికి వెళితే, మనసులో కొంత మొదటి పని దగ్గరే చిక్కుకుపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ట్యూటర్ పని అంతా సగంలో వదిలే పనే. ఏ వ్యాసమూ మీ ముందు పూర్తికాదు. సెషన్ టైమ్ అయిపోతుంది, ఆ విద్యార్థి లేచి వెళతాడు, తర్వాత ఏం రాశాడో, ఎన్ని మార్కులొచ్చాయో మీకు తెలియదు. అలాంటివి నాలుగైదు బుర్రలో పెట్టుకుని రాత్రి థీసిస్ తెరిస్తే పెన్ను కదలకపోవడంలో వింతేమీ లేదు. మీ తెలివికి, ఓపికకి వంక పెట్టుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

అందుకని మొట్టమొదట సమయం మార్చండి. సెంటర్‌కి వెళ్లే రోజుల్లో మీ రాతపని వెళ్లకముందే అయిపోవాలి. అరగంటైనా చాలు. ఆ అరగంటలో కొట్టివేతలు లేవు. వాక్యం నచ్చకపోతే పక్కన ‘తర్వాత చూడాలి’ అని రాసి సాగిపోండి. ఆధారం దొరక్కపోతే ‘ఇక్కడ ఆధారం కావాలి’ అని రాసుకోండి. లేచేముందు రెండు లైన్లు రాయండి: ఎక్కడ ఆపారు, మళ్లీ కూర్చోగానే ముందు ఏం చేయాలి. లెరాయ్ తన సహపరిశోధకురాలితో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా రాసిపెట్టుకున్నవాళ్లు తర్వాతి పనిమీద మెరుగ్గా దృష్టి పెట్టగలిగారని తేలింది. అంటే ఆ రెండు లైన్లు మీ థీసిస్‌కే కాదు, మీ ఎదురుగా కూర్చునే పిల్లలకీ మేలు చేస్తాయి. సెంటర్ నుంచి వచ్చిన రాత్రి కొత్తగా రాయడానికి కూర్చోకండి. చదువుకోండి, నోట్సు సర్దుకోండి.

ఇక ‘సరిచేసి ఇవ్వండక్కా’ అనేవాళ్ల సంగతి. అక్కా అని నోరారా పిలిస్తే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఇక్కడ మెత్తబడకండి. రైటింగ్ సెంటర్ల గురించి స్టీఫెన్ నార్త్ 1984లో రాసిన వ్యాసం ఈ రంగంలో చాలామంది చదివినది. అందులో ఆయన చెప్పినదాని సారాంశం, ట్యూటర్ బాగుచేయాల్సింది రాసే మనిషిని, ఆ మనిషి తెచ్చిన కాగితాన్ని కాదు అని. ఆ కాగితానికి వచ్చే మార్కు మీ బాధ్యత అనుకున్నంతకాలం ప్రతి సెషనూ మీకు పరీక్షలాగే ఉంటుంది. పైగా మీరు తిరగరాసి ఇస్తే అది ఆ విద్యార్థి సొంత రచన కాదన్న ఆరోపణ రావచ్చు. ఇరుక్కునేది ఆ పిల్లలే.

గంటలో సబ్మిట్ చేయాలంటూ ఒకబ్బాయి వచ్చాడనుకోండి. కాగితం అతని ముందే ఉండాలి, పెన్ను అతని చేతిలోనే ఉండాలి. ‘మీ సార్ ఇచ్చిన ప్రశ్న ఏంటి, ఒకసారి పైకి చదువు’ అనండి. తర్వాత అతని మొదటి పేరా, చివరి పేరా పైకి చదివించండి. వినడం తప్ప ఏమీ చేయకండి. చాలాసార్లు చదువుతూ చదువుతూ తనే ఆగిపోయి, ‘ఇది ప్రశ్నకి జవాబు కాదు కదక్కా’ అంటాడు. అప్పుడు అడగండి: ‘ఉన్న గంటలో ఏ ఒక్కటి మార్చగలవు?’ దాంతో పని గీత గీసినట్టు తేలిపోతుంది. అచ్చుతప్పుల జోలికి పోకండి, రేపు కొట్టేయబోయే పేరాలో కామాలు దిద్దడం ఇద్దరికీ దండగ. ఇంకా బతిమాలితే, ‘దిద్ది ఇవ్వను, ఎలా దిద్దుకోవాలో ఈ ఒక్క పేరాలో చూద్దాం, మిగతావి నువ్వే చేయగలవు’ అని నెమ్మదిగా చెప్పండి. రెండుమూడుసార్లు చెబితే నోటికి అలవాటవుతుంది.

ఏడ్చిన అమ్మాయి విషయంలో మీరు చేయగలిగింది చేశారనే నేను నమ్ముతున్నాను. ఎదుటివారి దుఃఖం ముందు స్థిమితంగా కూర్చోవడం కూడా పనే, ఒళ్లు హూనం చేసే పని. ఇలాంటి శ్రమ గురించి ఆర్లీ హోచ్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే విమాన సిబ్బందిని ఉదాహరణగా తీసుకుని రాశారు. ఇంకోసారి అలా జరిగితే తొందరపడి ఓదార్చకండి. కాసిన్ని నీళ్లిచ్చి, ‘వ్యాసం చూద్దామా, కాసేపు ఆగుదామా?’ అని అడగండి. బాధ మార్కులతో ఆగేది కాదని తోస్తే క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమని చెప్పండి, వీలైతే తోడు వెళ్లండి. తనకు తాను హాని చేసుకుంటానన్న మాట వస్తే మాత్రం రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే మీ కోఆర్డినేటర్‌కో కౌన్సెలర్‌కో చెప్పండి. ఆ బరువు ఒక తోటి విద్యార్థి ఒక్కతే మోయాల్సింది కాదు.

వాళ్ల కోసం నిద్రపోకుండా ఉన్నారంటే మీలో ఆ పిల్లలపట్ల అక్కర చెక్కుచెదరలేదు. పనివల్ల పూర్తిగా డీలాపడినవారి గురించి క్రిస్టీనా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు లక్షణాలు చెబుతారు: తీరని అలసట, ఎదుటివారిపట్ల విముఖత, తన వల్ల ఏమీ కాదన్న భావన. మీ ఉత్తరంలో మొదటిది ఉంది, మూడోదాని నీడ ఉంది, రెండోది నాకు ఎక్కడా కనబడలేదు. అది వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే కోఆర్డినేటర్‌ని కలిసి రెండే రెండు అడగండి. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య పది నిమిషాలు. మూడు రోజుల పనిని రెండు రోజులకు తగ్గించడం. అడిగితే తక్కువగా చూస్తారేమో అనుకోకండి. అలసిపోయిన ట్యూటర్ చెప్పాపెట్టకుండా మానేయడం కన్నా గంటలు తగ్గించడమే వాళ్లకీ మేలు.

దడ, నిద్రలేమి రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. ఇది పరీక్షల ముందు ఉండే కంగారులే అని సరిపెట్టుకోకండి.

మీ థీసిస్ కూడా ఎవరో ఒకరికి చూపించండి. తోటి ట్యూటర్లలో నమ్మకమున్నవారికి రెండు పేజీలిచ్చి, తప్పులు వెతకొద్దని ముందే చెప్పి, ‘నేనేం చెప్పాలనుకుంటున్నానో నీకు తెలుస్తోందా?’ అని మాత్రం అడగండి. గైడ్‌కి కూడా ఎక్కడ ఆగారో ఉన్నదున్నట్టు చెప్పండి.

మానేయడం గురించి. ఇంట్లోవాళ్లు ఆ మాట మీమీద ప్రేమతోనే అన్నారు, కానీ ఈ నిర్ణయం మీది. సమయం మార్చి, గంటలు తగ్గించి ఒక నెల చూడండి. అప్పటికీ థీసిస్ కదలకపోతే మానేయండి. మీరు యూనివర్సిటీకి వచ్చింది చదువుకోవడానికి, దాన్ని కాపాడుకోవడం చేతకానితనం కాదు. మానేసే ముందు కోఆర్డినేటర్‌కి రెండు వారాల గడువివ్వండి. మీ దగ్గరికి వరసగా వస్తున్న పిల్లల్లో ఎవరి డ్రాఫ్ట్ ఎక్కడిదాకా వచ్చిందో తర్వాతి ట్యూటర్‌కి రాసిచ్చి రండి.