తలమీదుగా విమానం దూసుకుపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడ మీద బట్టలు ఆరవేస్తుండగా ఏ అలికిడీ లేకుండా తల మీదుగా ఒక యుద్ధవిమానం దూసుకుపోయింది. చేతిలోని బకెట్టు వదిలేసి, చెవులు మూసుకుని కింద కూలబడిపోయాను. విమానం కనుమరుగయ్యాక కూడా చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు. ఇంట్లోవాళ్లు పిరికిదానివని ఆటపట్టిస్తున్నారు. అంత చప్పుడు చేసే విమానం నెత్తిమీదికి వచ్చేదాకా ఎందుకు వినబడలేదు? నేను నిజంగానే అంత భయస్తురాలినా?

జవాబు: మీరు భయస్తురాలు కారు. మీ ఒళ్లు చేయవలసిన పనే చేసింది. అయితే ముందు విమానం సంగతి చెప్పుకుంటే, మీ సంగతి సులువుగా తెలుస్తుంది.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే జెట్ విమానం సెకనుకు 250 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే చప్పుడుకూ విమానానికీ వేగంలో తేడా అంతంతమాత్రమే. విమానం మీకు కిలోమీటరు దూరంలో ఉన్నప్పుడు చేసిన చప్పుడు మీ చెవిని చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది, ఆ వ్యవధిలోనే విమానం మరో 735 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. మీరు మొదటి చప్పుడు విని తల ఎత్తేసరికి అది 265 మీటర్ల దూరంలో ఉంటుంది, మరుసటి సెకనుకు నెత్తిమీద ఉంటుంది. కిలోమీటరు దూరాన్ని దాటడానికి దానికి పట్టిన నాలుగు సెకన్ల చప్పుడంతా మీకు ఒక్క సెకనుకు కాస్త అటూ ఇటూగా, ఒకదాని మీద ఒకటి పడుతూ వినబడుతుంది. దీనికి తోడు జెట్ హోరులో ఎక్కువ భాగం ఇంజను వెనక, బయటికి దూకే వేడి వాయువులు నిశ్చలంగా ఉన్న గాలితో కలిసే చోట పుట్టి, వెనకవైపు ఏటవాలుగా వ్యాపిస్తుంది కాబట్టి, ఎదురుగా వస్తున్నప్పటికంటే దాటిపోతున్నప్పుడే అది పూర్తిగా మీద పడుతుంది. తక్కువ ఎత్తులో వచ్చే విమానానికి చెట్లూ గుట్టలూ భవనాలూ కూడా చివరిదాకా అడ్డుగా ఉంటాయి.

ఇక మీ సంగతి. హఠాత్తుగా పెద్ద చప్పుడు వినబడితే ఉలిక్కిపడడం ఆలోచనతో జరిగే పని కాదు. చెవి నుంచి వచ్చే సంకేతం మెదడు కాండంలోని కొద్దిపాటి నాడీకణాల మీదుగా నేరుగా కండరాలకు చేరిపోతుంది. చప్పుడు మొదలైన 50 మిల్లీసెకన్ల లోపే కనురెప్పలు మూసుకుంటాయి, ఆ వెంటనే మెడ ముందుకు వంగుతుంది, భుజాలు పైకి లేస్తాయి, మోచేతులూ మోకాళ్లూ ముడుచుకుంటాయి. అది విమానమని మీ మనసు పోల్చుకునేది ఆ తరువాతే. 1930లలో కార్నీ లాండిస్, విలియం హంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తుపాకీ చప్పుడుకు మనుషులు ఎలా ఉలిక్కిపడతారో వేగంగా తిరిగే కెమెరాలతో చిత్రీకరించారు. తుపాకీ వాడకం బాగా అలవాటైన పోలీసుల కనురెప్పలు కూడా ఆ చప్పుడుకు మూసుకున్నాయి. ఆ తరువాత మీకు వచ్చిన వణుకు రక్తంలో కలిసిన అడ్రినలిన్ వల్ల వచ్చినది, అది తగ్గడానికి నిమిషాలు పడుతుంది. అప్పటికే ఏదో ఆందోళనలో ఉన్నవారికీ, చీకట్లో ఉన్నవారికీ ఉలికిపాటు మరింత ఎక్కువగా ఉంటుంది. దీన్ని పిరికితనమని నవ్వడం తగదని మీ ఇంట్లోవారికి ఈ జవాబు చూపించండి.

ప్రశ్న: మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. విమానాలు ఇంటి మీదుగా పోయినప్పుడల్లా గుక్కపట్టి ఏడుస్తుంది. చెవులకు ప్రమాదమా?

జవాబు: చెవికి కలిగే హాని చప్పుడు తీవ్రత మీదా, అది ఎంతసేపు ఉంటుందన్న దాని మీదా ఆధారపడుతుంది. పెద్దల విషయంలో 85 డెసిబెల్‌ల చప్పుడును రోజుకు 8 గంటల వరకు హద్దుగా పెట్టుకుంటారు. ఆపైన 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది, ఆ లెక్కన 100 డెసిబెల్‌ల దగ్గర 15 నిమిషాలే మిగులుతాయి. బాగా కిందుగా పోయే జెట్ చప్పుడు 110 డెసిబెల్‌లు దాటవచ్చు గాని, అది కొద్ది సెకన్లే ఉంటుంది కనుక అప్పుడప్పుడు పోయే విమానం వల్ల శాశ్వతమైన హాని సాధారణంగా జరగదు. అయినా పసిపిల్లల విషయంలో జాగ్రత్త ఎక్కువే ఉండాలి. క్షణకాలపు చప్పుళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు 140 డెసిబెల్‌ల హద్దు పెడితే, పిల్లలకు 120 డెసిబెల్‌లే పెట్టింది. పాపను గుండెకు హత్తుకుని, రెండు చెవులూ అరచేతులతో మూయండి. అలవాటు కావాలని విమాన విన్యాసాల దగ్గరికి మాత్రం తీసుకువెళ్లకండి. తరచుగా పోతుంటే, లేదా పాప చప్పుళ్లకు తల తిప్పడం మానేసినట్టు అనిపిస్తే, చెవి వైద్యులకు చూపించండి.

ప్రశ్న: ఆకాశంలో ఏమీ కనబడలేదు గాని ధన్ ధన్‌మని వెంటవెంటనే రెండు పేలుళ్లు వినబడి కిటికీ అద్దాలు అదిరాయి. బాంబులనుకుని అందరం వీధిలోకి పరుగెత్తాం. విమానమే అని తరువాత చెప్పారు. ఎలా నమ్మడం?

జవాబు: ధ్వనిని మించిన వేగంతో పోయే విమానం తన ముందున్న గాలిని తప్పుకోనివ్వదు. నదిలో వేగంగా పోయే పడవ వెనక అలలు రెండు పాయలుగా విడిపోయినట్టు, ఒత్తిడికి లోనైన గాలి విమానం వెనక శంఖాకారంలో వ్యాపించి నేలను తాకుతుంది. విమానం ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి ఏర్పడే రెండు ఆఘాత తరంగాలే మీరు విన్న రెండు పేలుళ్లు. ధ్వని వేగాన్ని దాటిన ఆ ఒక్క క్షణంలోనే పేలుడు వినబడుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఆ వేగంతో పోతున్నంతసేపూ దారి పొడుగునా అందరికీ ఒకరి తరువాత ఒకరికి వినబడుతూనే ఉంటుంది. 12 కిలోమీటర్ల ఎత్తు నుంచి చప్పుడు నేలకు చేరడానికి అరనిమిషానికి పైగా పడుతుంది కాబట్టి, మీరు తల ఎత్తేసరికి విమానం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఆ తరంగం వల్ల గాలి పీడనంలో వచ్చే మార్పు సాధారణంగా 50 నుంచి 100 పాస్కల్‌లు, అంటే వాతావరణ పీడనంలో వెయ్యోవంతు కన్నా తక్కువే. కానీ ఆ మార్పు మిల్లీసెకన్లలో వచ్చిపడుతుంది, అద్దాలు అదిరేది అందుకే. 1964 ఫిబ్రవరి నుంచి జూలై వరకు అమెరికాలోని ఓక్లహోమా సిటీ మీద ప్రయోగాత్మకంగా 1,253 సార్లు ఇలాంటి పేలుళ్లు వినిపించారు. జనానికి ముందే తెలిసిన ప్రయోగమే అయినా, వీటితో కలిసి బతకలేమని 27 శాతం మంది చెప్పారు. అమెరికా 1973లో తన నేల మీదుగా పౌర విమానాలు ధ్వనిని మించిన వేగంతో పోవడాన్ని నిషేధించింది. ముందే తెలిసినవారే తట్టుకోలేకపోతే, ఏమీ తెలియని మీరు వీధిలోకి పరుగెత్తడంలో వింత లేదు.

ప్రశ్న: ఇంత కిందుగా విమానాలు నడపడానికి అనుమతి ఉంటుందా? ఎత్తును మనమే అంచనా వేయగలమా?

జవాబు: అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం, కంటిచూపు ఆధారంగా నడిపే పౌర విమానం జనావాసాల మీద, చుట్టూ 600 మీటర్ల పరిధిలోని అత్యంత ఎత్తైన కట్టడానికి కనీసం 300 మీటర్ల పైన ఉండాలి. మిగతా చోట్ల నేలకు 150 మీటర్ల ఎత్తు చాలు. ఎక్కే, దిగే సమయాలకూ, ప్రత్యేక అనుమతి ఉన్న విమానాలకూ ఇది వర్తించదు. సైనిక విమానాలకు నియమాలు వేరు. అవి కిందుగా పోవడానికి కారణం రాడారు: దాని తరంగాలు దాదాపు సూటిగా పోతాయి, భూమి వంపు తిరిగి ఉంటుంది. 10 మీటర్ల ఎత్తున అమర్చిన రాడారుకు 60 మీటర్ల ఎత్తులో వచ్చే విమానం సుమారు 45 కిలోమీటర్ల దూరంలోకి వస్తే గాని చిక్కదు. అవసరం ఉన్న శిక్షణే అని ఒప్పుకుంటాను గాని, ముందుగా ప్రకటించడానికి వీలున్న విన్యాసాలను కూడా ప్రకటించకుండా చేయడం నాకు సమ్మతం కాదు.

ఎత్తు అంచనాకు చేయి పూర్తిగా చాచి చిటికెన వేలు చూడండి. దాని వెడల్పు సుమారు ఒక డిగ్రీ. 10 మీటర్ల రెక్కలున్న యుద్ధవిమానం ఆ వేలి వెనక సరిగ్గా దాగితే అది 570 మీటర్ల దూరంలో ఉన్నట్టు. 35 మీటర్ల రెక్కలున్న ప్రయాణికుల విమానమైతే 2,000 మీటర్లు. పెద్ద విమానం ఎత్తులో ఉన్నా కిందుగా ఉన్నట్టు భ్రమ కలిగించేది ఇందుకే. ఫిర్యాదు చేయదలిస్తే తేదీ, నిమిషాలతో సహా సమయం, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయిందన్నది రాయండి.

ప్రశ్న: మా నాన్నగారు యుద్ధంలో పనిచేసి వచ్చారు. ఏళ్లు గడిచినా విమానం చప్పుడు వినబడితే మంచం పక్కకు దూకి నక్కుతారు, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడరు. ఏం చేయాలి?

జవాబు: ఉలికిపాటు అతిగా ఉండడం, ఎప్పుడూ పొంచి చూస్తున్నట్టు ఉండడం, తీవ్రమైన ఆఘాతం అనుభవించినవారిలో వైద్యులు గుర్తించే లక్షణాలు. ఆ క్షణంలో వెనక నుంచి వెళ్లి పట్టుకోకండి. ఆయనకు కనబడేలా ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో మీ పేరూ, ఆయన ఉన్న చోటూ చెప్పండి. సర్దుకున్నాక ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగవద్దు. విన్యాసాల తేదీలు ముందే తెలిస్తే ఆయనకు చెప్పండి. తెలిసి విన్న చప్పుడుకూ, తెలియక విన్న చప్పుడుకూ ఆయనకు తేడా ఉంటుంది. ఇది వయసుతో తనంతట తాను పోతుందని ఎదురుచూడకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. ఇలాంటి ఆఘాతాల కోసమే రూపొందించిన సంభాషణా చికిత్సలు ఉన్నాయి, ఏళ్లు గడిచాక మొదలుపెట్టినవారికి కూడా అవి మేలు చేస్తున్నాయి. మొదటిసారి వెళ్లేటప్పుడు ఆయన వెంట మీరూ ఉండండి.