పేనుకొరుకుడు వైద్యం గురించి అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. చెవి వెనక జుట్టు ఊడిన మచ్చ రూపాయి బిళ్ళంత ఒకటి, నడినెత్తిన ఇంకొకటి. చర్మం నున్నగా ఉంది, పొట్టు లేదు. నెల్లూరులో చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ ఇలాంటివి చూస్తూనే వచ్చాను. పేనుకొరుకుడే అనిపిస్తోంది. అయినా డాక్టరు చేత తేల్చుకోవాలి. తలలో తామర వచ్చినా ఒక్కోసారి ఇలాగే ఊడుతుంది, దాని మీద స్టెరాయిడ్ పూస్తే ముదురుతుంది.

ముందు ఆ గురివింద గింజల ముద్ద ఆపెయ్యి. మీ నాయనమ్మ ప్రేమతోనే అరగదీసి ఇస్తున్నారు, కాదనను. కానీ గురివింద విషపు గింజ. ఇప్పటికే పొక్కులు లేచాయన్నావు, ఆ పుండు మీద ఇక రాయకు. అక్కడ కొరికిన పురుగేమీ లేదు. ఒంటిని కాపాడవలసిన తెల్ల రక్తకణాలే వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేస్తున్నాయి. కుదురు మాత్రం చావదు. అందుకే ఏళ్ళ తరువాత కూడా మళ్ళీ మొలిచే అవకాశం ఉంటుంది. ఇది అంటుకోదు కూడా. నీ దువ్వెన, దిండు వేరు పెట్టమని ఎవరన్నా పట్టించుకోకు.

ఏ వైద్యమన్నది ఎంత మేర ఊడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. చిన్న మచ్చలు చాలామందికి ఏడాదిలోపు వాటంతట అవే పూడతాయి. నీలా రెండు మూడు మచ్చలున్న పెద్దవాళ్ళకు సాధారణంగా ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మచ్చలోనే ఇస్తారు. సన్నటి సూదితో సెంటీమీటరు ఎడంలో ఒక్కొక్క చుక్క చర్మంలోకి ఎక్కిస్తారు. మందు వెళ్ళిన చోట చర్మం కాసేపు తెల్లబడుతుంది. నొప్పి ఉంటుంది, ఓర్చుకోగలిగినదే. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్ళాలి. కొందరికి చర్మం గుంట పడుతుంది, ఎక్కువగా అది మెల్లగా సర్దుకుంటుంది. తొలి వెంట్రుకలు తెల్లగా రావచ్చు, నెరిసిందని బెంగపడకు, తరువాత చాలావరకు రంగు తిరుగుతుంది. సూదికి భయమైతే గట్టి స్టెరాయిడ్ పూత, తోడుగా జుట్టు మొలవడానికి పూసే మినాక్సిడిల్ రాస్తారు.

సగం తలకు పైగా ఊడితే సంగతి వేరు. చర్మానికి కావాలని అలర్జీ తెప్పించి కణాల దాడిని మళ్ళించే డీపీసీపీ పూత ఒకటుంది. స్టెరాయిడ్ మాత్రలు వారంలో రెండు రోజులే ఇచ్చే పద్ధతి మన ఆసుపత్రుల్లో ఉంది. వాటిని ఎప్పుడూ మందుల షాపులో అడిగి కొనకు. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం చూసిన కళ్ళతో చెబుతున్నాను.

ఈమధ్య ఆ కణాల దాడిని అణిచే జాక్ ఇన్హిబిటర్లనే మాత్రలు వచ్చాయి. తీవ్రంగా ఊడిన పెద్దవాళ్ళకు బారిసిటినిబ్‌ను అమెరికాలో 2022లో అనుమతించారు, 12 ఏళ్ళు దాటినవారికి రిట్లెసిటినిబ్‌ను 2023లో. బారిసిటినిబ్ 4 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో దాదాపు మూడోవంతు మందికి 36 వారాలకు తల మీద కనీసం 80 శాతం జుట్టు కనిపించింది. మంచి మందులే. కానీ రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి, మొదలుపెట్టే ముందు క్షయ, కామెర్ల వైరస్‌ల పరీక్షలు, రక్తకణాలు, లివర్, కొలెస్ట్రాల్ చూడాలి. మన దగ్గర క్షయ పరీక్ష అసలు వదలకూడదు. గర్భిణులకు, గర్భం కోసం చూస్తున్నవారికి పనికిరావు. ఆపితే చాలామందికి మళ్ళీ ఊడుతుంది. నీకిప్పుడు వీటి అవసరం లేదు. ఒంగోలులో ఎవరో రాసిస్తామన్నారన్నావు, ఎందుకని అడుగు.

పెళ్ళిచూపులు దగ్గరపడ్డాయని మీ అమ్మ హడావుడి పడుతోంది. నేను మాట్లాడతాను. పాపిడి కాస్త పక్కకు తీస్తే నడినెత్తి మచ్చ కప్పుకుపోతుంది. అబ్బాయి వాళ్ళకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, దాచమని మాత్రం నేను చెప్పను.

కందుకూరు నుంచి పొద్దున బస్సుకే నెల్లూరు రా, ఓపీ మధ్యాహ్నం దాకానే. థైరాయిడ్ పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం తీసుకురా. ఈ జబ్బున్నవారిలో కొందరికి థైరాయిడ్ కూడా ఉంటుంది. గోళ్ళకు రంగు వేసుకోకు, డాక్టరు వాటి మీద సన్నటి గుంటలున్నాయేమో చూస్తారు.

మీ పెద్దమ్మ