విచర్ 4 కోసం ఇప్పుడే కొత్త పీసీ కొనాలా?

మీ దగ్గర జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న పాత పీసీ ఉంది, ఇంట్లో వాళ్లు ఈసారి డబ్బు సర్దుతామన్నారు, కాబట్టి రాబోయే విచర్ 4 గేమ్ కోసం ఇప్పుడే కొత్తది బిగించుకోవాలా, ఆగాలా అన్నది మీ ప్రశ్న. ఆగమనే నా సలహా. విచర్ 3 కోసం ఇదే హైదరాబాద్‌లో, మీరు ఇప్పుడున్నంత ఆత్రంగానే ఎదురుచూసినవాణ్ణి కనుక ఆ అనుభవం నుంచే చెబుతున్నాను.

విచర్ 3ని 2013 ఫిబ్రవరిలో ప్రకటించారు. మొదట 2014లో వస్తుందన్నారు, తరువాత 2015 ఫిబ్రవరి 24 అన్నారు, చివరికి అది మన చేతికి వచ్చింది 2015 మే 19న. ఏ పీసీ కావాలో తెలిపే అధికారిక జాబితా మాత్రం ఆ ఏడాది జనవరిలో గానీ రాలేదు. సాఫీగా ఆడాలంటే కోర్ ఐ7 3770, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 770 ఉండాలని అందులో ఉంది. ఆ జాబితా చూసే వరకు నేను డబ్బు కదపలేదు. దానివల్ల కలిగిన లాభం చిన్నది కాదు: 2013లో 399 డాలర్ల ధరతో విడుదలైన 770 కంటే, 2014 సెప్టెంబరులో 329 డాలర్లకు వచ్చిన 970 ఎంతో వేగవంతమైనది, నేను కొన్నది ఆ 970నే. ప్రకటన విన్న ఉత్సాహంలో 770 కొన్న నా మిత్రులు ఎక్కువ ఖర్చు పెట్టి తక్కువ వేగంతో ఆడవలసి వచ్చింది.

ఇప్పుడు విచర్ 4 విషయానికి వద్దాం. 2024 డిసెంబరులో గేమ్ అవార్డ్స్ వేదిక మీద ట్రైలర్ చూపించారు, ఈసారి కథానాయిక సిరి. 2026 ముగిసేలోపు విడుదల చేసే ఆలోచన లేదని, దాన్ని తయారుచేస్తున్న సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2025 మార్చిలో స్పష్టంగా చెప్పింది. ఆ జూన్‌లో చూపించిన, గేమ్ లోకంలోని కోవిర్ అనే ప్రాంతపు ప్రదర్శన, అంటే సిరి గుర్రమెక్కి అడవి దాటి వాల్డ్రెస్ట్ సంతలోకి వచ్చే భాగం, మామూలు ప్లేస్టేషన్ 5 మీద రే ట్రేసింగ్‌తో (వెలుగు, నీడ, ప్రతిబింబాలను నిజంలా లెక్కగట్టి చూపే పద్ధతి) సెకనుకు 60 ఫ్రేముల వేగంతో నడిచింది. అది చూసి నా మనసు ఎంత పొంగిపోయినా, అది సాంకేతిక ప్రదర్శనే తప్ప గేమ్‌లోని భాగం కాదని వాళ్లే చెప్పారు. పీసీలో ఎలా నడుస్తుందో దాన్నిబట్టి లెక్కగట్టలేం. పైగా ఈసారి గేమును నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన సొంత రెడ్ ఇంజిన్‌ను వదిలి అన్‌రియల్ ఇంజిన్ 5కు మారారు. ఆ ఇంజిన్‌తో వచ్చిన గేములు చాలావాటిలో, మంచి కార్డు ఉన్న పీసీలో కూడా, షేడర్లు (రంగులు, వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమయ్యేటప్పుడో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టేటప్పుడో బొమ్మ ఒక్క క్షణం ఆగి కదలడం మనం చూస్తూనే ఉన్నాం. ఎంత ఖరీదైన కార్డు కొన్నా ఈ లోపం పూర్తిగా పోదు. దీన్ని సరిదిద్దవలసింది గేమ్ తయారుచేసేవాళ్లే.

ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడే కొనేయాలని దుకాణాల్లో తొందరపెడతారు. చదువుకో ఉద్యోగానికో పీసీ తప్పనిసరైతే కొనండి. ఈ ఒక్క గేమ్ కోసమే అయితే మాత్రం ఇప్పుడు కొన్న వస్తువు వారంటీలో కొంత కాలం గేమ్ రాకముందే కరిగిపోతుంది.

సమయం వచ్చాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లినప్పుడు మొదటి దుకాణంలోనే బేరం ముగించకండి, నాలుగు చోట్ల కొటేషన్ రాయించుకుని అప్పుడు మాట్లాడండి. డబ్బా మీది సీరియల్ నంబరూ కార్డు మీదిదీ ఒకటేనా అని మీ కళ్లతో చూసుకోండి, ఆ నంబరును జీఎస్టీ బిల్లు మీద రాయించండి; వారంటీకి వెళ్లినప్పుడు ముందుగా అడిగేది అదే. గాలి బాగా ఆడే, ముందు భాగం జల్లెడలా ఉన్న క్యాబినెట్ తీసుకోండి. మే నెలలో, రాత్రి పదకొండు దాటినా గోడల వేడి దిగని మా పై అంతస్తు గదిలో, విచర్ 3లోని నోవిగ్రాడ్ నగర వీధుల్లో నడుస్తున్నంతసేపూ కార్డు హోరులో సీలింగ్ ఫ్యాన్ చప్పుడు వినిపించేది కాదు. జుట్టును సహజంగా కదిలించే హెయిర్‌వర్క్స్ సెట్టింగ్ ఆపేశాక గానీ ఆ హోరు తగ్గలేదు. కథానాయకుడు గెరాల్ట్ జుట్టు కాస్త సాదాగా కనిపించినా నాకు లోటనిపించలేదు.

మీ 1060కి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు, ఆ తరం కార్డులకు కొత్త గేముల కోసం డ్రైవర్లు ఇవ్వడాన్ని ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. విచర్ 4ను అది మోయలేదనే నా అభిప్రాయం. కానీ విచర్ 3కి అది ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. దాని అదనపు కథాభాగం బ్లడ్ అండ్ వైన్ ఇంకా ఆడలేదన్నారు కదా, అందులోని టూసాంట్ ప్రాంతపు ద్రాక్షతోటలను మీరు తప్పక చూడాలి. 2022 డిసెంబరు అప్‌డేట్ తరువాత గేమ్ మొదలుపెట్టేటప్పుడు గ్రాఫిక్స్‌ను నడిపే డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్లు 11, 12లలో ఏది కావాలో అడుగుతుంది. మీ కార్డుకు 11 ఎంచుకోండి.